కొండదారిలో లారీ

తూర్పు కనుమల నడుమనున్న రాజవొమ్మంగి పేరు మన దేశ చరిత్రలో ఒకమారు గట్టిగా వినబడినది. 1922వ సంవత్సరము ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుస్టేషనులపై అల్లూరి సీతారామరాజు వరుసగా దాడి చేసి తుపాకులను, మందుగుండును పట్టుకొనిపోయెను. ఆ పోరాటమునకు గల కారణములలో ఒక రోడ్డు కూడ ఉన్నదనుట నేటి బాలబాలికలకు వింతగా తోచవచ్చును. నర్సీపట్నము నుండి కొండలపైకి దారి వేయు పనిలో మన్యపు జనులను కూలికి పెట్టిరి. గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను వారిచేత గొడ్డుచాకిరి చేయించి, న్యాయముగా రావలసిన కూలి ఇయ్యలేదు. పోరాటమునకు నిప్పు రాజేసిన వానిలో ఆ బాధ యొకటి.

అది జరిగి నూరేండ్లు దాటినది. అంతవరకు తూర్పు గోదావరి జిల్లాలో నుండిన రాజవొమ్మంగి 2022లో కొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. అడ్డతీగల నుండి రాజవొమ్మంగి మీదుగా కొయ్యూరు వైపునకు పోవు దారి నేడు 516-ఇ అను జాతీయ రహదారిలో భాగము. రాజమహేంద్రవరమున బయలుదేరి రంపచోడవరము, కొయ్యూరు, లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరము వరకు ఆ రహదారి కొండల వెన్నంటి పోవును.

దారితో పాటు లారీ వచ్చినది. పూర్వము చింతపండు గాని, జీడిపిక్కలు గాని, అడ్డాకులు గాని కొండ దిగవలెనన్నచో మనిషి తలపై మోయవలెను, లేదా కావడి కట్టవలెను. ఉప్పు, బియ్యము కొండ యెక్కుటయు అట్లే. నేడు వెదురు లారీలలో దిగుచున్నది. సిమెంటు, ఇనుము, ఎరువులు లారీలలో ఎక్కుచున్నవి. పాఠశాల కట్టిన ఇటుక కూడ లారీ మీద వచ్చినదే. కావున లారీని శత్రువుగా చూచుట తగదు. అయినను, ఇంటి పశువైనను కొమ్ములు గలదాని యొద్ద మెలగవలసిన తీరు వేరుగా నుండును గదా! లారీ కొమ్ములెచ్చటనున్నవో తెలిసికొనుటయే ఇచ్చటి పని.

లారీ కొమ్ము దాని బరువు. ముందు రెండు చక్రములు, వెనుక నాలుగు చక్రములు గల సామాన్యపు లారీ సరకుతో కలిసి 18.5 టన్నుల వరకు తూగవచ్చునని చట్టము. 2018వ సంవత్సరమునకు ముందు ఈ హద్దు 16.2 టన్నులు. పది చక్రముల లారీకి హద్దు 25 నుండి 28.5 టన్నులకు పెరిగినది. 18.5 టన్నులనగా 18,500 కిలోలు. ఒక ఎనుబోతు 500 కిలోలు తూగునని అనుకొన్నచో, ముప్పది యేడు ఎనుబోతులను ఒక్కచో కట్టి తోలుకొని వచ్చుటతో సమానము. అంతటి బరువును కదలించుట కష్టమని అందరెరుగుదురు. నిలుపుట అంతకంటె కష్టమని మాత్రము చాలమందికి తోచదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు పోవును. దారిలో ఏదో అడ్డు వచ్చినదని డ్రైవరు కన్ను చూచి, మనస్సు గ్రహించి, కాలు బ్రేకుపై పడుటకు తక్కువలో తక్కువ ఒక సెకను పట్టును. అనగా బ్రేకు పని మొదలిడక మునుపే 17 మీటర్లు అయిపోయినవి. అటుపిమ్మట నిండు సరకుతోనున్న లారీ ఆగవలెను. సమతలమైన పొడి రోడ్డుపై కూడ అంతయు కలిసి ఇంచుమించు 50 మీటర్లగును. వానకు తడిసిన రోడ్డుపై అంతకు మించును, పల్లమైనచో చెప్పనక్కరలేదు. ఇందు మరియొక సంగతి గలదు. వేగము రెండింతలైనచో దెబ్బయొక్క బలము రెండింతలు కాదు, నాలుగింతలగును. 30 కిలోమీటర్ల వేగమున వచ్చు లారీకిని 60 కిలోమీటర్ల వేగమున వచ్చు లారీకిని ఉన్న భేదము ఈ లెక్క వలన తెలియును.

మన కన్ను కూడ ఇచ్చట మోసము చేయును. ఆకాశమున విమానము ఎంతో వేగముగా పోవుచున్నను మెల్లగా పాకుచున్నట్లు తోచును. పెద్ద వస్తువు దూరమునుండి వచ్చునప్పుడు దాని వేగమును కన్ను తక్కువగా అంచనా వేయును. సైకిలు వచ్చుచున్నచో ఆగి చూచెడి బాలుడు లారీ వచ్చుచున్నప్పుడు, "ఇంకను దూరముననున్నది, దాటిపోవచ్చును" అని పరుగెత్తుట ఇందువలననే.

కొండ ఎక్కునప్పుడు లారీ రొప్పుచు, పొగ క్రక్కుచు, నత్తవలె పోవును. చూచువారికి అప్పుడే భయము కలుగును. నిజమునకు ఎక్కు లారీ కంటె దిగు లారీ ప్రమాదకరము. లంబసింగి సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్నది. అట్టి చోటినుండి క్రిందికి దిగు లారీకి ఆ ఎత్తే ఒక శక్తి. 18.5 టన్నుల లారీ 500 మీటర్ల ఎత్తు దిగినదనుకొందము. దారి పొడుగునను వేగము పెరుగకుండ దానిని బ్రేకులతోనే పట్టి ఉంచినచో, ఆ శక్తి యంతయు బ్రేకులలో వేడిగా మారును. ఆ వేడితో ఇరువది బిందెల నీళ్ళను, అనగా సుమారు 300 లీటర్లను, సలసల కాగునట్లు చేయవచ్చును. ఇంత వేడిని చక్రములలోని కొన్ని ఇనుప డ్రమ్ములును, వానికి ఒరసికొను లైనింగులును భరింపవలెను. కొంత దూరము భరించును. పిమ్మట లైనింగు పట్టు తప్పును. వేడికి డ్రమ్ము వ్యాకోచించి లైనింగునకు దూరమగును. డ్రైవరు కాలు అడుగంట త్రొక్కియే యుండును, బండి మాత్రము ఆగదు. "బ్రేకు ఫెయిలైనది" అని పత్రికలలో తరచుగా చదువు మాటకు కొండదారులలో అర్థము చాలవరకు ఇదియే. బ్రేకు తెగిపోలేదు, కాలి అలసిపోయినది.

మరి, రోజును ఎన్నియో లారీలు క్షేమముగా ఎట్లు దిగుచున్నవి? ఇందులోని మర్మమును కొండవారికి చెప్పనక్కరలేదు. చింతపండు గంప తలపై నెత్తుకొని కొండ దిగు స్త్రీని చూడుడు. ఆమె పెద్ద అంగలు వేయదు. నడుము కొంచెము వెనుకకు వాల్చి, మడమ ఆనించి, పొట్టి అడుగులు వేయుచు దిగును. పెద్ద అంగలు వేసినచో బరువే ఆమెను త్రోసికొనిపోవును. లారీకి పొట్టి అడుగులనగా చిన్న గేరు. చిన్న గేరులో నున్నప్పుడు చక్రము ఒక్క చుట్టు తిరుగవలెనన్నచో ఇంజను అనేకమారులు తిరుగవలెను. యాక్సిలరేటరు వదలినప్పుడు ఇంజను తిరుగుటకు మొరాయించి చక్రమును వెనుకకు లాగి పట్టును. అప్పుడు బ్రేకునకు పని తగ్గును. ఏ గేరులో కొండ యెక్కవలసియుండునో ఆ గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పు మాట ఇందుకే పుట్టినది.

ఈ మాట తెలిసియు కొందరు పాటింపరు. డీజిలు మిగులునన్న ఆశతో గేరు తప్పించి న్యూట్రలులో బండిని జారవిడుతురు. ఒక్కొక్కడు ఇంజను కూడ ఆపును. పెద్ద లారీల బ్రేకు గాలితో పనిచేయును. ఆ గాలిని తొట్టెలలో నింపునది ఇంజనే. ఇంజను ఆపి మాటిమాటికి బ్రేకు త్రొక్కినచో గాలి తరిగిపోవును. కొన్ని రూపాయల డీజిలు కొరకు ప్రాణమును పందెము పెట్టుట ఎట్టి లెక్కయో తెలియదు! చక్రములనుండి మాడు వాసన వచ్చినప్పుడు మంచి డ్రైవరు వెడల్పైన చోట బండి నిలిపి, క్లీనరు చేత చక్రములకు రాళ్ళు పెట్టించి, చల్లారువరకు కూర్చుండును. తొందరపడి కాలిన డ్రమ్ముపై నీళ్ళు పోయడు. పోసినచో డ్రమ్ము పగులవచ్చును.

ఘాటు రోడ్డులో ఎదురుబడిన రెండు బండ్లలో దేనికి ముందు దారి ఇయ్యవలెనన్నదానికి కూడ నియమము గలదు. ఎక్కుచున్న బండికి దిగుచున్న బండి దారి విడువవలెను. బరువుతో ఎక్కు బండి నడిమి ఎత్తులో ఆగినచో మరల కదలుట కష్టము. వెనుకకు జారు ప్రమాదమును గలదు. ఈ నియమము చట్టముననున్నను, దిగువాని తొందర దానిని తరచుగా మరపించును.

మలుపు సంగతి వేరు. మలుపు అవతల నున్నది కనబడదన్న సత్యమును ఈ కొండలు ఒకప్పుడు బ్రిటిషు సైన్యమునకు నేర్పినవి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో పొంచియుండిన రామరాజు దళము చేతిలో స్కాటు కవర్డు, హైటరు అను ఇరువురు అధికారులు మరణించిరి. నేడు మలుపు అవతల పొంచియుండునవి వేరు: ఎండబెట్టిన చోళ్ళు, జీడిపిక్కలు, రాత్రివేళ వెచ్చదనమునకై తారురోడ్డుపై పడుకొను పశువులు, టైరు పగిలి దీపము లేక నిలిచిపోయిన మరియొక లారీ. ఈ కడపటిది మిక్కిలి చెడ్డది. చీకటిలో ఆగిన లారీ వెనుక భాగము నల్లని గోడవలె నుండును. మోటారు సైకిలుపై వచ్చువానికి అది గోడయని తెలియునప్పటికి కాలము మించిపోవును. లారీ నిలిచినప్పుడు హెచ్చరిక దీపములు వేసి, కొంత దూరమున ఎర్రని త్రికోణపు గుర్తు నుంచవలెను. చాలచోట్ల గుర్తునకు బదులు రాళ్ళు, చెట్టుకొమ్మలు పెట్టుదురు. బండి బాగుపడిన పిమ్మట ఆ రాళ్ళను అచ్చటనే వదలి పోవుట మరియొక అపచారము. వెనుక వచ్చువానికి ఆ రాయియే యముడగును.

లారీ యెదుట నిలిచినవాడు తన కంటికి లారీ కనబడుచున్నది గనుక లారీవానికి తాను కనబడుచున్నానని తలచును. ఇది పెద్ద పొరపాటు. డ్రైవరు ఎత్తైన పీటపై, కుడివైపున కూర్చుండును. లారీ ముక్కునకు ఆనుకొని నిలిచిన పొట్టి బాలుడు అతనికి కనబడడు. ఎడమవైపు తలుపు క్రింద నున్నవాడు కనబడడు. సరిగా వెనుక నున్నవాడు అసలే కనబడడు. అందుకే లారీకి క్లీనరు ఉండుట. ఎడమవైపున తల బయటపెట్టి "రానీ, రానీ" యని కేక వేయు ఆ కుర్రవాడే లారీకి రెండవ కన్ను. ఖర్చు తగ్గించుకొనుటకై క్లీనరు లేకుండ లారీలను నడుపు వాడుక నానాటికి పెరుగుచున్నది. ఆ మేరకు ఎడమవైపు గ్రుడ్డియైనదని బాటసారులు తెలిసికొనవలెను. అద్దములో డ్రైవరు ముఖము మనకు కనబడనిచో మనము అతనికి కనబడము. ఈ ఒక్క గుర్తు చాలు.

మలుపు తిరుగునప్పుడు లారీ ముందు చక్రము పోయిన జాడలో వెనుక చక్రము పోదు. లోపలి వైపునకు కోసికొని పోవును. లారీ ఎంత పొడుగైనచో అంత ఎక్కువగా కోయును. ముందుభాగము తనను దాటినది గదా యని మలుపు లోపలి అంచున నిశ్చింతగా నిలిచిన సైకిలువానిని వెనుక చక్రము పట్టుకొనుట ఇట్లే. కాలిబాట లేని రోడ్డుపై కుడివైపున, ఎదురుగా వచ్చు బండ్లను చూచుచు నడువవలెనని చెప్పుదురు. అది మంచి పద్ధతి. అయితే కొండ మలుపునకు లోపలి అంచున, కొండను ఒరసికొని నడచువాడు వచ్చు బండికి కడపటి క్షణమువరకు కనబడడు. అట్టిచోట ముందుగానే ఆగి, చెవియొగ్గి విని, దూరమునుండి కనబడు వైపునకు మారి, మలుపు దాటినపిమ్మట తిరిగి రావలెను. కొండలో చప్పుడు కంటికంటె ముందు వచ్చును. చెవులలో పాటలు పెట్టుకొని నడచువానికి ఆ సాయమును లేదు.

ఇక సరకు. లారీ బోల్తాపడినప్పుడు లారీ చంపనివారిని సరకు చంపును. 2015 సెప్టెంబరు 14న తూర్పు గోదావరి జిల్లా గండేపల్లి వద్ద బూడిద లోడుతో పోవుచున్న లారీ బోల్తాపడినది. అప్పటికి రాజవొమ్మంగి కూడ ఆ జిల్లాలోనిదే. ఆ లారీలో బూడిదపై కూర్చుండి కూలీలు ప్రయాణము చేయుచుండిరి. వారిలో 16 మంది మరణించిరి. బస్సు కొరకు నిలువక, చౌకగా పోవచ్చునని చేతికందిన లారీ నెక్కిన పేదలు వారు. పదేండ్ల పిమ్మట, 2025 నవంబరు 3న, తెలంగాణలో రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ సమీపమున కంకరతో వచ్చుచున్న టిప్పరు ఎదురుగా వచ్చు ఆర్టీసీ బస్సును ఢీకొన్నది. టిప్పరులోని కంకర బస్సులోని ప్రయాణికులపై కుమ్మరింపబడినది. 19 మంది మరణించిరి. బస్సెక్కినవారు ఏ తప్పును చేయలేదు. ఈ రెండును కొండదారిలో జరిగినవి కావు. చదునైన రోడ్డుపైననే ఇట్లున్నచో లోయ ప్రక్క మలుపులో సంగతి ఊహింపవచ్చును.

సంతనాడు మన్యపు దారులలో కనబడు దృశ్యము ఇచ్చట స్మరణకు వచ్చును. జీపులో పట్టనివారు పైన, పైన పట్టనివారు వెనుక వ్రేలాడుచు పోవుదురు. లారీపై బస్తాలు, బస్తాలపై మనుష్యులు, వారి యొడిలో పిల్లలు. బస్తాపై కూర్చున్నవానికి పట్టుకొనుటకు త్రాడు తప్ప మరేమియు లేదు. మనుష్యులు పైనెక్కుటచే బరువు పైకి చేరి, లారీ నిలకడ తగ్గును. వెనుకవైపునకు పొడుచుకొని వచ్చిన వెదుళ్ళును, ఇనుప చువ్వలును అట్టివే. బండి హఠాత్తుగా ఆగినచో వెనుక వచ్చువానికి అవి బల్లెములగును.

హద్దుకు మించి బరువు వేసినవారికి 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము 20,000 రూపాయల జరిమానా, అదనపు ప్రతి టన్నుకు మరి 2,000 రూపాయలు విధింపవచ్చును. హెచ్చు బరువును దించిన పిమ్మటనే బండిని కదలనియ్యవలెను. జరిమానా గట్టిదే. బరువు నెక్కించునది తరచుగా డ్రైవరు కాదని మాత్రము మరువరాదు. యజమాని ఒక ట్రిప్పులో రెండు ట్రిప్పుల సరకు పోవలెననును. సరకు గలవాడు తెల్లవారునప్పటికి చేరవలెననును. ఈ ఇరువురి తొందరయు డ్రైవరు కనురెప్పలపై కూర్చుండును. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటల కంటె ఎక్కువగా పని చేయింపరాదని సామాన్య నియమము చేసినది. అయిదు గంటలు పనిచేసిన పిమ్మట అరగంటయైనను విశ్రాంతి ఇయ్యవలెననియు చెప్పినది. ఆరు దశాబ్దములు గడచినను, రెండు రాత్రులు కన్ను మూయక స్టీరింగు పట్టిన డ్రైవరు ఏ దాబాలోనైనను కనబడును. అతడు దుర్మార్గుడు కాడు. అతని ఇంటివద్దను పిల్లలు ఎదురు చూచుచుందురు. నిద్ర మాత్రము ఎవరి మొగమును చూడదు. తెరచిన కన్నుతోనే రెండు మూడు సెకనులు తీసికొనిపోవును. ఆ రెండు మూడు సెకనులలో లారీ 50 మీటర్లు పోవునని పైన చెప్పిన లెక్కవలననే తెలియును.

2022వ సంవత్సరములో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. వీరిలో సకాలమున చికిత్స అందినచో బ్రతుకగలవారు ఎందరో యుందురు. పట్టణములో ఆసుపత్రి ప్రక్క వీధిలో నుండును. కొండలో అట్లు కాదు. గాయము తగిలిన మొదటి గంట గడువకుండ పెద్ద వైద్యము చేరుట మలుపుల దారిలో కష్టము. కావున మొదట చూచినవాడు చేయు పనికి విలువ హెచ్చు. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశములో మొదలైన 108 అంబులెన్సు సేవకు ఫోను చేయుటకు ధనము అక్కరలేదు. ఊరిపేరుతో పాటు ఏ మలుపు, ఏ కల్వర్టు, ఏ కిలోమీటరు రాయి యన్నది చెప్పినచో బండి త్వరగా చేరును. ప్రతిదినము ఆ దారినే బడికి నడచు బాలునికి ఆ రాళ్ళ అంకెలు తెలిసియుండుట కష్టము కాదు. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డను గట్టిగా అదిమి పట్టవలెను. మెడ, వెన్ను దెబ్బతిన్నవానిని, నిప్పు వంటి అపాయము లేనిచో, ఊరక లాగి కదలింపరాదు. బోల్తాపడిన లారీ చుట్టు మూగి సరకు నేరుకొనుట కొన్నిచోట్ల కనబడు సిగ్గుమాలిన పని. డీజిలు కారుచుండగా చేసినచో ప్రాణాంతకమును.

పోలీసులకు, కోర్టులకు వెరచి గాయపడినవానిని ముట్టకుండ పోవువారు పూర్వము చాలమంది. ఆ భయమునకు కొంత కారణమును లేకపోలేదు. 2016లో సుప్రీము కోర్టు సహాయకులకు రక్షణ కల్పించుచు వెలువడిన మార్గదర్శకములకు చట్టబలము నిచ్చినది. 2019 సవరణలో ఆ రక్షణ చట్టముననే చేరినది. సద్బుద్ధితో గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవానిపై కేసు పెట్టరాదు. అతడు తన పేరు, చిరునామా చెప్పవలెనన్న నిర్బంధము లేదు. ఆసుపత్రిలో దిగవిడిచి తన దారిని తాను పోవచ్చును.